ఐఎస్ఓ ఎంత పెట్టాలి: 100కీ 12800కీ మధ్య ఎక్కడ ఆగాలి?

మా అక్క కూతురు మొదటిసారి స్టేజి ఎక్కి డాన్స్ చేసిన రోజు నేను రెండు వందల ఫొటోలు తీశాను. పనికొచ్చినవి ఆరంటే ఆరు. మిగతా వాటిలో పిల్ల ముఖం ఉంది, చేతులు లేవు. చేతులు ఉండాల్సిన చోట పొగచారల్లాంటివి ఉన్నాయి. ఐఎస్ఓ (ఫొటోని కెమెరా ఎంత వెలుగుగా చూపించాలో చెప్పే అంకె) 800 దాటితే ఫొటో పాడైపోతుందని ఎక్కడో విన్న మాట పట్టుకుని కూర్చున్నందుకు దక్కిన ఫలితమది. ఆ లైట్లలో 800 దగ్గర నాకు దొరికిన షట్టర్ స్పీడ్ 1/40, అంటే సెకనులో నలభయ్యో వంతు. అదే 6400 పెట్టి ఉంటే 1/320 దొరికేది. ఫొటో కాస్త గరుగ్గా ఉండేది, అంతే. పిల్లకు చేతులు మిగిలేవి.

కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను. కొత్తగా కెమెరా పట్టినవాళ్లలో ఐఎస్ఓ అతిగా పెంచి నష్టపోయేవాళ్ల కంటే, భయపడి పెంచక నష్టపోయేవాళ్లే ఎక్కువ. నాయిస్‌ని, అంటే ఆ గరుకుని, తర్వాత తగ్గించుకునే దారులున్నాయి. బ్లర్ అయిన చేతిని వెనక్కి తెచ్చే దారి లేదు. అలాగని ప్రతిచోటా పెంచెయ్యమని కాదు. ఎక్కడ 100 దగ్గరే ఉండిపోవాలో, ఎక్కడ 6400కి నిస్సంకోచంగా వెళ్లిపోవాలో చూద్దాం.

## పెంచితే లోపల జరిగేది

ఐఎస్ఓ పెంచితే సెన్సర్‌కి (కెమెరాలో వెలుతురుని పట్టుకునే చిప్‌కి) వెలుతురు మీద ఆకలి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. సెన్సర్ మారదు. దాని మీద పడే వెలుతురుని నిర్ణయించేవి సీన్‌లోని లైటు, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం), షట్టర్ స్పీడ్. ఆ వెలుతురు నుంచి వచ్చిన సిగ్నల్‌ని ఎంత పెంచి చూపించాలో చెప్పేదే ఐఎస్ఓ.

మరి గరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎక్కువగా వెలుతురు కరువు నుంచే. సన్నటి జల్లులో వరసగా పది గిన్నెలు పెట్టి చూడండి. ఒకదాంట్లో ఏడు చినుకులు పడతాయి, పక్కదాంట్లో పదమూడు. జోరువానలో అయితే పదీ ఇంచుమించు ఒకేలా నిండుతాయి. సెన్సర్‌లోని పిక్సెళ్లూ అంతే. ఒక్కో పిక్సెల్‌కి 10,000 కాంతి కణాలు అందితే వాటిలో సహజమైన హెచ్చుతగ్గు సుమారు 100, అంటే ఒక శాతం. 100 కణాలే అందితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. కంటికి కనిపించే గరుకు ఈ పది శాతమే.

ఇక్కడో చిన్న చిక్కుముడి ఉంది. షట్టర్, అపర్చర్ మార్చకుండా ఐఎస్ఓ ఒక్కటే పెంచితే నాయిస్ పెరగదు. చాలా కెమెరాల్లో నీడల భాగం కాస్త శుభ్రంగా కూడా వస్తుంది. నాయిస్‌ని తెచ్చేది ఐఎస్ఓ పెంచినందుకు మనం తగ్గించుకున్న వెలుతురు. ఐఎస్ఓ నేరుగా లాక్కునేది ఇంకొకటుంది, పైన మిగిలే జాగా. ఐఎస్ఓ రెట్టింపైన ప్రతిసారీ తెల్లటి భాగాలు ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపో సగమో అయ్యే ఒక మెట్టు) ముందే కాలిపోతాయి, అంటే వివరాలు పోయి ఒట్టి తెలుపుగా మిగులుతాయి. స్టేజి మీద స్పాట్‌లైట్ పడ్డ ముఖం, రాత్రి పూట వెలిగే బోర్డులు, తెల్లబట్టలు ముందు బలైపోయేది అందుకే.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు కదలిక. ఇందులో మీ చేతి వణుకు ఒకటి, ఎదుటివాళ్ల కదలిక ఇంకొకటి. చేతి వణుక్కి పాత లెక్క ఉంది: లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో షట్టర్ కనీసం అన్నో వంతు. 200 మిల్లీమీటర్ల లెన్స్‌కి 1/200, క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సైజు సెన్సర్) అయితే 1/300. కెమెరాలో స్టెబిలైజేషన్ (వణుకుని సర్దే ఏర్పాటు) ఉంటే ఇంకా కిందికి రావచ్చు. కానీ ఆ స్టెబిలైజేషన్ మీ చేతిని ఆపుతుందే గానీ పరుగెత్తే పిల్లాణ్ణి ఆపదు. ఈ తేడా తెలియక పాడైన ఫొటోలు లెక్కలేనన్ని. కూర్చుని మాట్లాడే మనిషికి 1/125 సరిపోతుంది. ఆడుకునే పిల్లలకు 1/500 కావాలి. ఎగిరే పక్షికి 1/2000 దాకా వెళ్లాల్సి రావచ్చు.

తర్వాత అపర్చర్. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. ఎఫ్/4 లెన్స్ తీసి ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే ఐఎస్ఓ 6400 నుంచి సుమారు 1250కి దిగొస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేనంత లాభమిది. దానికి చెల్లించాల్సింది ఫోకస్ లోతు. ఒక మనిషి ఫొటోకి సమస్య లేదు. వరసలుగా నిలబడ్డ పదిమంది గ్రూపు ఫొటోలో ఎఫ్/1.8 పెడితే వెనక వరసవాళ్లు మసకబారతారు. అక్కడ ఎఫ్/5.6 పెట్టుకుని ఐఎస్ఓ పెంచడమే తెలివైన పని.

మూడోది సెన్సర్ సైజు. ఫుల్ ఫ్రేమ్ 36×24 మిల్లీమీటర్లు. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13, అంటే వైశాల్యంలో దాదాపు నాలుగో వంతు. మామూలు క్రాప్ సెన్సర్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఫొటోలో వెలుతురు సరిగ్గా కుదిరేలా తీసినప్పుడు ఫుల్ ఫ్రేమ్‌లో 6400 ఎంత గరుకో, క్రాప్‌లో 3200, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 1600 ఇంచుమించు అంతే గరుకు. అందుకే ‘నేను 12800లో కూడా హాయిగా తీస్తా’ అని ఎవరైనా అంటే ముందు వాళ్ల కెమెరా ఏమిటో అడగండి.

నాలుగోది, అందరూ మర్చిపోయేది: ఆ ఫొటోని ఎంత సైజులో చూస్తారు? 24 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే 6000×4000. దాన్ని 2000 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గిస్తే తొమ్మిది పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, నాయిస్ మూడో వంతుకి పడిపోతుంది. మనం మాత్రం ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వంద శాతం జూమ్ చేసి, అయ్యో అని తల పట్టుకుంటాం. ఫోన్‌లో చూసే ఫొటోని అలా భూతద్దం పెట్టి చూడటం అనవసరమైన టెన్షన్.

చివరిది ఫైల్ రకం. జేపెగ్‌లో తీస్తే నాయిస్ తగ్గించే పని కెమెరాయే చేసేస్తుంది. ఎక్కువ ఐఎస్ఓలో అది జుట్టునీ చర్మాన్నీ నూనె రాసినట్టు నున్నగా చేసి పారేస్తుంది. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు డేటా) తీసుకుంటే ఆ నిర్ణయం మీ చేతిలో ఉంటుంది. కాబట్టి జేపెగ్ మాత్రమే తీసేవాళ్లు కింద నేను చెప్పే అంకెల కంటే ఒక మెట్టు కింద ఆగితే మంచిది.

## ఒక్క చూపులో

| ఐఎస్ఓ | ఎక్కడ సరిపోతుంది | ఏం దక్కుతుంది | ఏం పోతుంది |
|---|---|---|---|
| 100–200 | ఎండ, ట్రైపాడ్, ఫ్లాష్ | నిండైన రంగులు, నీడల్లో వివరాలు | లైటు తగ్గితే షట్టర్ స్పీడ్ |
| 400–800 | నీడ, మబ్బు, కిటికీ పక్కన | చేత్తో పట్టుకుని తీసే స్వేచ్ఛ | దాదాపు ఏమీ లేదు |
| 1600–3200 | ఇంట్లో, సాయంత్రాలు | కదిలే మనుషులు స్పష్టంగా | నీడల్లో కాస్త గరుకు |
| 6400 | స్టేజి, ఇండోర్ ఆటలు, తెల్లవారుజాము పక్షులు | క్షణం చేతికి చిక్కడం | సన్నని వివరాలు, ప్రకాశంలో జాగా |
| 12800, ఆ పైన | వేరే దారి లేనప్పుడు | ఫొటో ఉండటం | రంగులు, నలుపులో లోతు |

ఈ అంకెలు క్రాప్, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలను దృష్టిలో పెట్టుకుని వేసినవి.

## 100–200: దొరికినప్పుడు వదులుకోవద్దు

కెమెరాకి సహజమైన, అట్టడుగు ఐఎస్ఓని బేస్ ఐఎస్ఓ అంటారు. చాలావాటికి అది 100. నికాన్ డీ850కి 64, ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ3కి 160. మంచి సెన్సర్ ఇక్కడ 14 స్టాపుల దాకా చీకటి వెలుగుల తేడాను పట్టుకోగలదు, ఐఎస్ఓ రెట్టింపైన కొద్దీ అది దాదాపు ఒక్కో స్టాప్ చొప్పున తగ్గుతూ పోతుంది. సూర్యోదయంలో ఆకాశమూ, కింద నీడలో ఉన్న రాళ్లూ రెండూ కావాలంటే ఈ లోతు కావాల్సిందే. ట్రైపాడ్ ఉండి, ఎదుట ఏదీ కదలనప్పుడు 100 వదిలి పైకెళ్లడానికి కారణమే లేదు.

కొన్ని కెమెరాల్లో 50 అనో ‘లో’ అనో ఇంకో మెట్టు కనిపిస్తుంది. ఇంకా శుభ్రంగా వస్తుందేమోనని ఆశపడకండి. చాలావరకు కెమెరా అక్కడ ఎక్కువ వెలుతురు తీసుకుని తర్వాత దించుతుంది, దాంతో తెల్లటి భాగాలు ఒక స్టాప్ ముందే కాలిపోతాయి. జలపాతాన్ని పట్టుదారంలా చూపించాలి, చేతిలో ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి వెలుతురు తగ్గించే ముదురు గాజు) లేదు అనుకున్నప్పుడు వాడుకోండి, అంతే.

## 400–800: ఆలోచించకుండా పెట్టేయండి

ఇక్కడ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ పదేళ్లలో వచ్చిన క్రాప్, ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో 100కీ 400కీ తేడాను మామూలు సైజులో చూసి చెప్పగలిగేవాళ్లు తక్కువ. కెమెరా భుజాన వేసుకుని పగటిపూట ఊరికే తిరిగేటప్పుడు నేను 400లోనే ఉంచుతాను. నీడలోకి అడుగుపెట్టినా షట్టర్ పడిపోదు.

## 1600–3200: రోజూ తేల్చుకోవాల్సిన చోటు

కంటికి వెలుతురుగా కనిపించే గది కెమెరాకి చీకటి గది. ట్యూబ్‌లైట్ కింద పిల్లల్ని తీయాలంటే ఎఫ్/2.8 దగ్గర కూడా 1600 తప్పదు, వాళ్లు గెంతుతుంటే 3200. ఇక్కడ వచ్చే గరుకుని నేను లోపంగా చూడను. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ ట్రై-ఎక్స్ లాంటి 400 ఫిల్మునే 1600గా లాగి తీసినవాళ్లు దీనికంటే ఎంతో ఎక్కువ గరుకుని ఇష్టంగా వాడుకున్నారు.

ఈ పరిధిలో తెలుసుకుంటే పనికొచ్చే సంగతి ఒకటుంది. కొన్ని సెన్సర్లలో రెండు బేస్ ఐఎస్ఓలుంటాయి. 2018లో వచ్చిన పానాసోనిక్ జీహెచ్5ఎస్‌లో అవి 400, 2500. రెండో మెట్టు దాటగానే నీడలు కొంచెం శుభ్రపడతాయి. మీ కెమెరాకి అలాంటి మెట్టు ఉందని తెలిస్తే దానికి కాస్త కింద ఆగడం కంటే దాన్ని దాటెయ్యడమే మేలు.

కృత్రిమ లైట్ల కింద ఇంకో చిక్కు కూడా ఉంది. ఐఎస్ఓ పెంచి షట్టర్‌ని 1/1000కి తీసుకెళ్తే ఫొటోలో అడ్డంగా చారలు పడొచ్చు. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే లైట్లు చాలావరకు సెకనుకి 100 సార్లు, 60 హెర్ట్జ్ మీద 120 సార్లు మినుకుమంటాయి. చారలు కనిపిస్తే 1/100కో 1/120కో దిగి, ఐఎస్ఓ కూడా తగ్గించుకోవడమే. ఎలక్ట్రానిక్ షట్టర్ వాడుతుంటే మెకానికల్‌కి మారితే కూడా చాలాసార్లు నయమవుతుంది.

## 6400: భయం పోగొట్టుకోవాల్సిన అంకె

2007లో నికాన్ డీ3 వచ్చినప్పుడు 6400 దాని మామూలు పరిధిలో చివరి మెట్టు, అప్పట్లో అదొక అద్భుతం. ఇవాళ మధ్యరకం కెమెరాకి కూడా అది పనికొచ్చే అంకె. స్టేజి, ఇండోర్ ఆటలు, ఎఫ్/6.3 జూమ్ లెన్స్‌తో మబ్బు పట్టిన ఉదయాన పక్షులు, వీటన్నిటికీ 6400 లేకపోతే పని జరగదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 6400లో సరిగ్గా ఎక్స్‌పోజ్ చేసిన (వెలుతురు సరిపోయేలా తీసిన) ఫొటో, 3200లో చీకటిగా తీసి తర్వాత వెలిగించిన ఫొటో కంటే సాధారణంగా బాగుంటుంది. ‘3200 దాటలేదు’ అన్న తృప్తి తప్ప రెండో దాంట్లో మిగిలేది ఏమీ ఉండదు. హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమన, వెలుగుని కుడిన చూపే గ్రాఫ్) చూసుకుని, ముఖం కాలిపోనంతవరకు, ఎక్స్‌పోజర్‌ని కొంచెం కుడివైపుకే ఉంచండి.

నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్లు ఈ అంకె విలువనే మార్చేశాయి. డీఎక్స్ఓ ప్యూర్‌రా 2021లో, లైట్‌రూమ్‌లోని ఏఐ డినాయిస్ 2023లో వచ్చాయి. రా ఫైల్ ఇస్తే 6400 ఫొటోని చూడటానికి 1600లా మార్చి ఇస్తాయి. నేను వాడతాను, కానీ మొత్తం బలంతో కాదు. దూరంగా చిన్నగా ఉన్న ముఖాల మీద ఇవి లేని గీతల్ని కల్పిస్తాయి. మనిషి మనిషిలా కాక మైనపుబొమ్మలా కనిపించడం మొదలైతే బలం సగానికి దించండి.

## 12800, ఆ పైన

ఫొటో ఉండాలా, వద్దా అన్న ప్రశ్నకి జవాబుగా మాత్రమే. రంగులు వెలిసిపోతాయి, నలుపు నలుపులా ఉండదు, నీడల్లో ఊదారంగు మచ్చలు తేలతాయి. బ్లాక్ అండ్ వైట్‌కి మారిస్తే వీటిలో సగం కంటికి కనిపించవు.

సోనీ ఏ7ఎస్ 4,09,600 దాకా, నికాన్ డీ5 32,80,000 దాకా వెళ్లగలవని వాటి వివరాల్లో రాసి ఉంటుంది. ‘హై’ అని రాసే ఈ పైమెట్లలో చాలావరకు కెమెరా చేసేది అంకెల్ని హెచ్చవేయడమే. రా ఫైల్ తీసేవాళ్లు అదే పనిని తర్వాత కంప్యూటర్‌లో చేసుకోవచ్చు.

## ఇంకో దారి: తక్కువలో తీసి తర్వాత పెంచుకోవడం

పైన 6400 దగ్గర చెప్పినదానికి ఇది విరుద్ధంగా అనిపించవచ్చు, కానీ దీనికీ ఒక చోటుంది. కొత్త సెన్సర్లలో చాలావాటికి, షట్టర్, అపర్చర్ అవే ఉంచి, 3200లో తీసినా, 400లో తీసి కంప్యూటర్‌లో మూడు స్టాపులు పెంచినా నీడల్లో తేడా స్వల్పం. లాభమల్లా పైన. కచేరీలో గాయకుడి మీద స్పాట్‌లైట్, చుట్టూ చీకటి. అక్కడ 400లో తీస్తే ముఖం కాలిపోదు. చిక్కేమిటంటే కెమెరా వెనక స్క్రీన్ మీద ఫొటో నల్లగా కనిపిస్తుంది, ఫోకస్ కుదిరిందో లేదో తెలియదు. జేపెగ్‌కి ఈ పద్ధతి అసలు పనికిరాదు. పాత కెమెరాల్లో అయితే పెంచినప్పుడు నీడల్లో చారలు బయటపడతాయి. మీ కెమెరా ఏ రకమో తెలుసుకోవడానికి పైన చెప్పినట్టే రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

## ఆటో ఐఎస్ఓనా, చేత్తో పెట్టడమా?

లైటు మారుతూ ఉండే చోట ఆటో. లైటు మారని చోట చేత్తో. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన సూత్రం అక్కర్లేదు.

ఆటోలో రెండు సెట్టింగులు తప్పకుండా చూసుకోండి: గరిష్ఠ ఐఎస్ఓ, కనీస షట్టర్ స్పీడ్. రెండోది వదిలేస్తే కెమెరా 1/60 దగ్గరే సరిపెట్టుకుని, మీ పిల్లాడి కాళ్లని మాయం చేసేస్తుంది. స్టేజి, ఆటలు తీసేటప్పుడు నేను మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపర్చర్ పెట్టేసి ఐఎస్ఓ ఒక్కటే ఆటోకి వదిలేస్తాను. వెనక నల్లటి తెర ఉంటే కెమెరా మోసపోయి ముఖాన్ని కాల్చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కంటే ఫొటోని ముదురుగానో వెలుగుగానో చేసే సెట్టింగు) మైనస్ ఒకటి దగ్గర ఉంచుతాను.

ట్రైపాడ్ మీద మాత్రం ఆటోని ఆపేయండి. కదలని కొండని తీస్తున్నా కెమెరా దాని కనీస షట్టర్ లెక్క ప్రకారమే నడిచి, అనవసరంగా 1600కి ఎగబాకుతుంది. తెల్లారి మూడింటికి లేచి వెళ్లి తీసుకొచ్చిన ఫొటోలన్నీ అలా వచ్చాయని ఇంటికొచ్చాక తెలిస్తే ఎలా ఉంటుందో నన్నడగండి.

## ఎవరికి ఎంత

ఇంట్లో పిల్లల్ని తీసేవాళ్లు: ఆటో, గరిష్ఠం 6400, కనీస షట్టర్ 1/250. డబ్బు పెట్టగలిగితే కొత్త కెమెరా కంటే ముందు ఎఫ్/1.8 లెన్స్ కొనండి.

పక్షులు, ఆటలు తీసేవాళ్లు: షట్టర్ విషయంలో బేరం వద్దు. ఐఎస్ఓ 6400కి వెళ్లినా వెళ్లనివ్వండి. అయితే ఫొటోని బాగా కోసి వాడుకునేవాళ్లకి గరుకు కూడా అంతే పెద్దదవుతుంది. దగ్గరికి వెళ్లగలగడం రెండు స్టాపుల ఐఎస్ఓ కంటే విలువైనది.

ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు: బేస్ ఐఎస్ఓ, ట్రైపాడ్. గాలికి ముందున్న గడ్డి ఊగుతుంటే మాత్రం 400 లేదా 800లో ఇంకొకటి కూడా తీసి ఉంచుకోండి.

నక్షత్రాలు తీసేవాళ్లు: ఇక్కడ షట్టర్‌కి హద్దు పెట్టేది భూమి తిరగడం. 500ని లెన్స్ మిల్లీమీటర్లతో భాగిస్తే ఫుల్ ఫ్రేమ్‌లో సుమారుగా ఎన్ని సెకన్లు తీయొచ్చో వస్తుంది. 20 మిల్లీమీటర్లకి 25 సెకన్లు. ఎక్కువ పిక్సెళ్ల కెమెరాలో ఇంకా తగ్గించాలి. ఎఫ్/2.8లో 3200 మంచి మొదలు. ఒకే చోట 16 ఫొటోలు తీసి నక్షత్రాలు సరిపోయేలా కలిపితే నాయిస్ నాలుగో వంతుకి తగ్గుతుంది. అందుకే ఇక్కడ ఐఎస్ఓ 1600నా 6400నా అని తర్జనభర్జన పడే సమయాన్ని ఇంకో పది ఫొటోలు తీయడానికి వాడుకోవడం మంచిది.

చంద్రుణ్ణి తీసేవాళ్లు: రాత్రి అని ఐఎస్ఓ పెంచెయ్యకండి. చంద్రుడి మీద ఉన్నది ఎండే. నిండు చంద్రుడికి ఐఎస్ఓ 100, ఎఫ్/11, 1/100 దగ్గర మొదలుపెట్టొచ్చు.

## మీ హద్దు మీరే కనుక్కోవడానికి

పై అంకెలన్నీ మొదలుపెట్టడానికే. మీ కెమెరా హద్దు తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. లైటు తక్కువున్న గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టండి. పక్కన ఒక నల్లబట్ట, అక్షరాలున్న ఒక పుస్తకం ఉంచండి. ట్రైపాడ్ మీద 400 నుంచి 25600 దాకా ఒక్కో మెట్టుకీ ఒక ఫొటో తీయండి, ప్రతిదానికీ షట్టర్ మార్చుకుంటూ ఎక్స్‌పోజర్ ఒకేలా ఉండేట్టు చూడండి. పట్టపగలు కిటికీ పక్కన ఈ పరీక్ష చేయొద్దు. మంచి లైటులో నీడలే తక్కువ కాబట్టి ఎక్కువ ఐఎస్ఓలు కూడా ముద్దుగానే కనిపించి మిమ్మల్ని మోసం చేస్తాయి.

తర్వాత వాటిని మీరు నిజంగా వాడే సైజులో చూడండి. ఫోన్‌కైతే ఫోన్‌లో, ప్రింటుకైతే ప్రింటు తీయించి. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లయితే దాన్ని నడిపాకే చూడండి. చర్మం రంగు ఎక్కడ మారడం మొదలైందో, నల్లబట్ట ఎక్కడ బూడిదరంగులోకి జారిందో గమనించండి. అక్షరాలు చెదరడం కంటే ఈ రెండే ముందు విసుగు తెప్పిస్తాయి. ఆ మెట్టుకి ఒక మెట్టు కింద ఉన్న అంకెని ఆటో ఐఎస్ఓ గరిష్ఠంగా పెట్టేసి మెనూ మూసేయండి. నా పాత క్రాప్ కెమెరాకి ఈ పరీక్షలో వచ్చిన అంకె 6400. దాన్ని తెలుసుకోకుండా నాలుగేళ్లు 800 దగ్గర కాపలా కాశాను.